గాజుతొట్టిలో నేల

నేడు పట్టణములయందే గాక పల్లెలయందును గాజుతొట్టిలో చేపలను బెంచు వేడుక కానవచ్చుచున్నది. తొట్టి కొనువారు మొదట దాని పొడవు వెడల్పులు విచారింతురు. పిమ్మట దీపము, నీటిని వడియగట్టు ఫిల్టరు, చేపల వెల విచారింతురు. అడుగున బఱచు దానినిగూర్చి మాత్రము విచారించువా రరుదు. అంగడివాడు నీలపురంగు రాళ్ళనో, తెల్లని పాలరాతి ముక్కలనో సంచిలో బోసి యిచ్చును. కన్నుల కింపుగ నున్నవని మనమును దెచ్చి పఱతుము. నడిమి నీటిలో నీదులాడు గప్పీలకును, ఏంజెలు చేపలకును దీనివలన గొప్ప బాధ లేదు. కాని అడుగుననే తిని, అడుగుననే విశ్రమించి, జీవితకాలమంతయు నేల నంటియుండు చేపలు కొన్ని గలవు. వానికి మనము పఱచినదే భోజనపు పీట, అదియే పడక. ఆ పీటమీద ముండ్లు పఱచితిమా, చాపలు పఱచితిమా యని యొక్కసారి యోచింపవలదా?

ఈ చేపలను అంగళ్లలో “తొట్టిని శుభ్రము చేయు చేపలు” అని చెప్పి యమ్ముచున్నారు. ఈ మాటవలన కలిగిన కీడు ఇంతంత గాదు. పై చేపలు తినగా రాలిన దానితో నివి బ్రదుకుననియు, వేఱుగ మేత వేయ నక్కఱలేదనియు కొన్నవారు నమ్ముదురు. ఇంటిల్లిపాదికిని వడ్డించు నామెకు అడుగంటినది చాలునని తలచు లోకమునకు చేపలయెడలనైన వేఱు న్యాయ ముండునా! నిజమునకు ఏ చేపయు మఱియొక చేప మలమును దిని బ్రదుకదు. అడుగున దిరుగు చేపకు దానికై మునిగిపోవు మేత వేయవలయును. ఆ మేత దాని నోటికందునట్టి నేలయు నుండవలయును. రాళ్ళ సందులలో బడిన మేత కంటి కగపడుచుండగనే ఆ చేప పస్తుండును. చిక్కి చచ్చిన పిదప “ఏమో, రోగము వచ్చినది” అందురు.

ఇట్టి చేపలలో మన యిండ్లకు మిక్కిలిగా వచ్చునది కోరిడోరాసు. దీని జన్మస్థానము దక్షిణామెరికా ఖండము. అమెజాను, ఓరినోకో మొదలగు మహానదులయొక్క వాగులలోను, వరదనీరు నిలుచు చోటులలోను గుంపులు గుంపులుగా దిరుగును. ఈ పేరు గ్రీకు భాషనుండి వచ్చినది. శిరస్త్రాణ మనునర్థము గల మాటకు చర్మ మనునర్థము గల మాట చేర్చి 1803వ సంవత్సరమున లాసెపేదు అను ఫ్రెంచి పండితుడు పెట్టెను. తగిన పేరే. పొలుసులకు మాఱుగా దీని దేహమున కిరుప్రక్కల రెండేసి వరుసల యెముక పలకలు కవచమువలె నమరియున్నవి. ఒడలెల్ల చుక్కలుగల జాతి యొకటి కలదు. బీగిలు ఓడలో దక్షిణామెరికా తీరములు చుట్టిన చార్లెసు డార్విను సేకరించిన చేపలలో నది యొకటి. 1842లో జెనిన్సు అను నాయన దానిని వర్ణించెను. 2024లో శాస్త్రజ్ఞులు ఈ కోరిడోరాసు కుటుంబమును విభజించి పెక్కు జాతులకు క్రొత్త యింటిపేర్లు పెట్టిరి గాని, అంగడివారికిని మనకును పాతపేరే చాలును.

కవచ మున్నదిగదా యని యుపేక్షింపరాదు. పొట్టక్రింద నా పలకలు లేవు. నోటిచుట్టును మెత్తని మీసములు కొన్ని గలవు. చీకటి నీటిలో, బురదనీటిలో, మేత యెచ్చటనున్నదో కనుగొనుటకు కన్నులకంటె నీ మీసములే దీనికి సాయము. రుచిని స్పర్శను నవియే తెలుపును. మనము చీకటిలో బియ్యపు కుండలో చేయి పెట్టి తడవి చూచినట్లు ఇది మీసములతో నేలను దడవి చూచును. పిమ్మట మూతిని కన్నులదాక యిసుకలో గ్రుచ్చి, నోటినిండ నిసుక దీసికొని, అందలి పురుగులను మేతను మ్రింగి, మిగిలిన యిసుకను మొప్పలగుండ విడిచివేయును. చెంపలనుండి యిసుక పొగవలె రాలుచుండుట చూడ ముచ్చటగ నుండును. చేట చెఱగుటలో ఆరితేఱినవారికి ఈ పని చూచిన ఔనౌనని తల యూపవలెననిపించును. రాళ్ళు పఱచిన తొట్టిలో నీ విద్య యంతయు నిరర్థకము. కందిపప్పంత రాయి దాని నోట బట్టదు. పట్టినను మొప్పలగుండ బోదు. ఆ చేప రాళ్ళమీద మూతిని రాచుకొనుచు దిరుగును. దానిని జూచి మనము “ఎంత చుఱుకుగ తొట్టిని దుడుచుచున్నదో” యని సంతోషింతుము!

ఇట్లు కొన్ని నెలలు గడచునప్పటికి మీసములు పొట్టివై, తుదకు మొదళ్ళు మాత్రమే మిగులును. కొన్నింటికి మూతి యెఱ్ఱనై పుండ్లు పడును. వాడిరాళ్ళు గీచుటవలన నిట్లగునని కొందఱును, రాళ్ళ సందులలో గ్రుళ్ళిన మేతవలన బుట్టు సూక్ష్మజీవులు మీసములను తినివేయుటవలన నగునని కొందఱును వాదింతురు. నా యభిప్రాయమున నీ రెండును వేఱు గావు. గీచిన చోటనే మురికి చేరును. మురికి చేరిన చోట గీచిన గాయము మానదు. ఏర్పఱచి చెప్పుమన్న మురికికే పెద్దపీట వేయుదును. నెలల తరబడి కసవు పేరుకొన్న మెత్తని యిసుకకంటె వారమువారము శుభ్రపఱచు నున్నని గులకరాళ్ళే మేలు. ఐనను ఇసుకలో మురికి పైననే నిలుచును, కంటి కగపడును, తీయవచ్చును. రాళ్ళలోనిది లోపల దాగును. కావుననే ఇసుక శ్రేష్ఠమనుచున్నాను. ఒక సంతోషకరమైన సంగతి యేమన, మీసపు మొదలు చెడకున్నచో మంచినేలయు శుభ్రమైన నీరును దొరకిన పిదప మీసములు తఱచుగా మరల మొలచును. శ్రద్ధగ బెంచిన యింట కోరిడోరాసు పదేండ్లు బ్రదుకుట వింతగాదు.

ఇది యంతయు విదేశపు చేపల ముచ్చట యనుకొనవలదు. చేపలు వండుకొను మన యిండ్లవారికి బొమ్మిడాయి పులుసుగ మాత్రమే తెలియును. బ్రదికిన బొమ్మిడాయి నడవడి చూచినవారు కొలదిమంది. పగలెల్ల నది యిసుకలోనో మెత్తని యొండ్రులోనో దూరి, గొట్టములవంటి ముక్కురంధ్రములు గల మూతికొన మాత్రము బయట బెట్టి పండుకొనును. చీకటిపడిన పిదప వెడలి పురుగుల వెదకికొనును. అట్టి చేపను గరుకురాళ్ళ తొట్టిలో విడిచితిమా, దూరబోయి దూరబోయి యొడలెల్ల గీచుకొనును. ఆ గీతలు పుండ్లగును. చిన్నజాతి బొమ్మిడాయిలను రంగుచేపల వర్తకులును అమ్ముచున్నారు. పెద్దజాతి రెండడుగులు మించి పెరుగును గనుక ఇంటి తొట్టికి దగదు. ఏ జాతియైనను తొట్టిపై మూత గట్టిగ నుండవలయును, సందు దొరకిన బయటికి జారిపోవును. మన యేళ్ళలోని యిసుకదొందు సంగతి దాని పేరే చెప్పుచున్నది. ఇసుకలో నిసుకవలె నంటుకొని పండుకొనును. చిన్నచేపలను మ్రింగునది గనుక తక్కినవానితో గలిపి పెంచరాదు.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణచాళుక్యరాజగు సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమునందు చేపల ప్రకరణ మొకటి కలదు. అందు చేపలను పొలుసులు గలవనియు, చర్మముమాత్రము గలవనియు విభజించినారు. గాలము వేయు రాజున కా విభాగ మేల కావలసెనో గాని, తొట్టి పెంచు గృహిణికి మాత్ర మెంతయు నుపకరించును. ఒడలిమీద పొలుసులు కానరాక నున్నగ జాఱు చేప యేదైనను నేల విషయమున సుకుమారి యని యెంచవలయును. మీసములు గలది మఱియు సుకుమారి.

ఇక నిసుకను గూర్చి. సంస్కృతమున సికత యనియు వాలుక యనియు మెత్తని యిసుకకు పేర్లు. గరుకురాళ్ళ పొడిని శర్కర యందురు. పంచదారకును అదే పేరు వచ్చినది పలుకులు పలుకులుగ నుండుటచేతనే. శాస్త్రజ్ఞులు 1922 నుండి వాడుకలోనున్న వెంట్‌వర్తు కొలతనుబట్టి 2 మిల్లీమీటర్లకు లోబడిన దానిని ఇసుక యనియు, మించినదానిని రాళ్ళ జాబితాలోను జేర్తురు. మనకు కొలబద్దతో బనిలేదు, వంటయింటిలోనే కొలతలున్నవి. మైదావలె నున్నది మిక్కిలి సన్నము. నీరు కలగినప్పుడెల్ల లేచి తొట్టిని మసకబఱచును, అడుగున గట్టిగ బిగిసికొనును. బొంబాయిరవ్వ మొదలు ఆవగింజలోని చిన్నదానివఱకు నున్నది కోరిడోరాసునకును, కూలీ లోచి యనబడు పాముపిల్లవంటి చేపకును, బొమ్మిడాయికిని సరియైనది. కందిపప్పంతది, శనగలంతది వీనికి గూడదు.

పరిమాణముకంటె ఆకారము ముఖ్యము. ఏటి ప్రవాహమున దొరలి దొరలి వచ్చిన యిసుకకు కోణము లఱిగియుండును. గ్రానైటును యంత్రమున నలుగగొట్టిన “రోబో శాండు” ఇప్పుడు ఇండ్లు కట్టుచోట్ల నెల్ల కుప్పలుగ నున్నది. సిమెంటు పట్టుకొనుటకు దాని వాడికోణములు మేలే గాని చేప మూతికి మేలు గాదు. అంగడివాడు ఏటియిసుకయే యని ప్రమాణము చేసినను, పిడికెడు తడియిసుకను అరచేతులనడుమ రుద్ది చూడుడు. గుచ్చుకొని మంట పుట్టినచో విడువవలయును. భూతద్దమున్న దానితో జూచిన సందేహమే యుండదు. ఇంటి వాకిటి కుప్పనుండి దెచ్చుకొనువారు సున్నము సిమెంటు కలసినదేమో, పిల్లులు కుక్కలు దిరిగినదేమో చూచుకొనవలయును. ఇది చెప్పుట కింపుగ లేదు గాని చెప్పక తప్పదు.

సముద్రపుటిసుక చూపునకు ముచ్చటైనదే. కాని దానియందు ఉప్పుతోపాటు గుల్లలపొడి యుండును. గుల్లలను గాల్చియే మన పెద్దలు తాంబూలపు సున్నము చేసికొనెడివారు. కాల్పకున్నను ఆ గుల్ల నీటిలో మెల్లమెల్లగ గరగి నీటిని కఠినము చేయును. పాలరాతి ముక్కల గుణమును ఇట్టిదే. కోరిడోరాసులలో పెక్కింటికి సహజముగ మెత్తని నీటియందు ప్రీతి. మనలో పలువుర బావినీరు ముందే కఠినముగ నుండును, దానికి దోడు సున్నపురాయి యేల? పరీక్ష సులభము. ఎండిన యిసుకమీద వినిగరు కొన్ని చుక్కలు విడువుడు. బుడగలు వచ్చి పొంగినచో సున్నమున్నది, వలదు. ఏమియు గాకున్న నిర్భయముగ వాడవచ్చును. వినిగరు లేనివారు నిమ్మరసముతోనైన జూడవచ్చును. 

రంగు సంగతి చెప్పుటకు నాకు కొంత సంకోచము, ఎందుకన మన యాడువారి కన్ను రంగుమీదనే మొదట బడును. తెల్లని నేలమీద దీపపువెలుగు క్రిందినుండి తిరిగి మీదికి గొట్టును. అడుగున నుండు చేపకది నెమ్మది నీయదు. చేపలు పెక్కు నేలనుబట్టి తమ రంగు మార్చుకొనును గనుక తెల్లనేలమీద వెలవెలబోవును. గోధుమరంగో, నలుపు గలసినదో యైన యిసుకమీద అదే చేప నిగనిగలాడును. చేపయే తొట్టికి నగ యనుకొన్నచో నేల సాదాగ నుండుటయే యందము. రంగు పూసిన రాళ్ళకు కాలక్రమమున పూత యూడును; గాజుపెంకులు ఎట్టి చేపకును వలదు.

ఎంత గావలయును? రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు గల తొట్టిలో 4 సెంటీమీటర్ల మందమున బఱచుటకు 7 లీటర్లకు బైగ, అనగా తూకమున 11 లేక 12 కిలోల పొడియిసుక పట్టును. కోరిడోరాసునకు 3 మొదలు 5 సెంటీమీటర్లు చాలును. బొమ్మిడాయికి 8 సెంటీమీటర్లైన నుండవలయును. ఇసుకను మొదట పెద్దకన్నుల జల్లెడతో జల్లించి రాళ్ళు దీసివేసి, పిమ్మట సన్నజల్లెడతో ధూళి వదలించి, బియ్యము కడిగినట్లు కలచి కలచి కడుగవలయును. పది కడుగులకు దక్కువ పట్టదు. కడుగునీరు తేటపడువఱకు మానరాదు; విసుగుపడి మధ్యలో విడిచినవారు తొట్టిలో వారముదినములు బురదను జూతురు. సబ్బు, బట్టల పొడి ముట్టింపనే కూడదు. తుదిని ఎండలో బోసి యారనిచ్చిన మంచిది. తొట్టిలో బఱచిన పిదప ఇసుకమీద పళ్ళెమొకటి బెట్టి ఆ పళ్ళెముమీద నీరు పోసినచో గుంట పడదు.

రాళ్ళక్రింద చిల్లుల పలక బెట్టి నీటిని లాగు ఫిల్టరులు కొన్ని గలవు. అవి యిసుకతో బనిచేయవు, ఇసుక చిల్లులలో దూరి పూడిపోవును. స్పంజి ఫిల్టరుగాని, ప్రక్కన దగిలించునదిగాని కావలయును. దాని నోరు నేలకు జానెడైన నెత్తున నుండిన యంత్రములోనికి నిసుక పోదు. ఇసుక మిక్కిలి మందముగ నుండి కదల్చువారు లేకున్నచో లోపల ప్రాణవాయువు నశించి మురిగిన గ్రుడ్డు వాసనగల విషవాయువు పుట్టును. నల్లని మచ్చలు గాజుగుండ నగపడును. వారమున కొకసారి నీరు మార్చునపుడు సన్నని పుల్లతో పైపైన కదల్చినచో నా భయము లేదు. ఇసుకలో దూరు చేపలును మూతితో త్రవ్వు చేపలును ఆ పని సగము తామే చేయును. మురికిని లాగు గొట్టమును ఇసుకలో గ్రుచ్చక అంగుళ మెత్తున ద్రిప్పిన చాలును, తేలికైన మురికి లేచిపోవును, బరువైన యిసుక నిలుచును.

అడుగున గనబడు చేప లన్నిటికి నిసుకయే కావలెనని గాదు. నోటితో గాజు నంటుకొను ప్లెకో జాతులకు నేలకంటె మునిగిన కఱ్ఱదుంగ ముఖ్యము. కొండవాగులలో బండల నంటి బ్రదుకు లోచిలకు నున్నని పెద్ద గులకరాళ్ళును వడినీరును గావలయును. బెంగాలువారు రాణి యని పిలుచు బోటియా చేప రాళ్ళసందులలో దాగుకొనుట కిష్టపడును. దానికి గుండ్రని చిన్నరాళ్ళైనను, ఇసుకైనను సరియే.

మఱియొక మాట. మన వేసవికి చుక్కల కోరిడోరాసు తాళలేదు, అది చల్లనినీటి చేప. స్టెర్బా యను జాతి వేడిమి కోర్చును. ఏది కొన్నను ఆఱింటికి దగ్గక కొనవలయును, ఒంటరిది బెంగతో మూల జేరును. అప్పుడప్పు డిది నీటిపైకి రివ్వున బోయి గాలి మ్రింగి వచ్చుట జూచి భయపడకుడు. ప్రేవులతో గూడ శ్వాసించుట దాని స్వభావము. మాటిమాటికి బోవుచున్నచో మాత్రము నీరు చెడినదని తెలిసికొనవలయును.

ఇదివఱకే రాళ్ళు పఱచిన తొట్టి గలవారు ఒక్కనాటనే యంతయు దీసివేయరాదు. చేపల మలమునుండి పుట్టు విషమును విఱుచు సూక్ష్మజీవులు ఫిల్టరులోవలెనే ఆ రాళ్ళమీదను నివసించుచుండును. మొదటివారము సగము తొట్టి రాళ్ళను దీసి యిసుక వేసి, రెండు మూడు వారములు గడచిన పిదప తక్కిన సగము మార్చుట మేలు. ఆ దినములలో మేత తగ్గించి, నీరు తఱచుగ గొంచెము గొంచెము మార్చుచుండవలయును. ఫిల్టరు స్పంజిని ఆ నాళ్ళలో కుళాయినీటితో గడుగరాదు, అవసరమైన తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలయును. రాళ్ళు తీయునపుడు చేపలను పాతనీరు పోసిన బకెట్టులో నుంచుడు. కోరిడోరాసును వలతో బట్టరాదు, దాని రెక్కముండ్లు వలలో జిక్కుకొనును. గిన్నెను మెల్లగ ముంచి నీటితోగూడ నెత్తి తీసికొనవలయును. క్రొత్త యిసుకమీద విడిచిన తొలినాడు అవి మూల జేరి కదలకుండవచ్చును. దీపమార్పి, మునిగిపోవు మేతబిళ్ళ యొకటి వేసి యూరకుండుడు.